తూర్పు పోర్టు

మా వైపు మంచం మీద కాస్త జరగమనాలన్నా "తూర్పుకి జరగండి" అంటారు. కుడి ఎడమలు బళ్ళో డ్రిల్లు మాస్టారికి తప్ప ఎవరికీ పట్టవు. బంతిలో వడ్డించేటప్పుడు మా అత్తగారు "ఆ పడమటి విస్తట్లో పప్పు పడలేదు" అంటారు. నరసాపురం దారిలో ఒక చిన్న ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో చేరిన కొత్తలో, అక్కడి నెట్‌వర్కు పోర్టులకి నేను కూడా అలాంటి పేర్లే పెట్టాను.

మెట్ల కింద గదిలో ఇనప బీరువాలాంటి ర్యాక్, అందులో మా సర్వర్. దాని వెనక కేబుళ్ళు గుచ్చడానికి వరసగా నాలుగు పోర్టులు. ఆపరేటింగ్ సిస్టమ్ వాటికి అక్షరాలూ అంకెలూ కలగలిపి తనకి తోచిన పేర్లు పెట్టుకుంటుంది. ఆ పేరు చూసి ఏ కేబుల్ ఎక్కడికి వెళ్తుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అయితే ఒక్కో పేరు పక్కనా మనకి అర్థమయ్యే వివరం రాసుకునే వీలుంది. నేను తూర్పు కొసనున్నదానికి "తూర్పు - స్కాన్" అనీ, పడమటి కొసనున్నదానికి "పడమర - కెమెరాలు" అనీ రాశాను. అవే మాటలు కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకి అంటించాను. నాకన్నా ముందు పనిచేసినవాళ్ళెవరికీ ఆపాటి బుద్ధి పుట్టలేదని డాక్టరు గారి దగ్గర గొప్పలు కూడా పోయాను.

రెండేళ్ళు గడిచాయి. కిందటి వానాకాలంలో ఒకరోజు పొద్దున్న పదకొండింటికి, మొగల్తూరు వైపు నుంచి ఒకావిణ్ణి ఆటోలో తీసుకొచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. అరుగు మీద లేసు అల్లుకుంటూ, చేతిలో సూది జారిపోయి పక్కకి ఒరిగిపోయిందట. కుడి చెయ్యి కదలడం లేదు, మాట ముద్దగా వస్తోంది. వెంటనే తలకి స్కాన్ తీశారు. విశాఖలో ఉన్న పెద్ద డాక్టరు ఆ స్కాన్ చూసి, మెదడులో నెత్తురు గడ్డ కట్టిందో, నరం చిట్లిందో చెప్పాలి. గడ్డకి ఇచ్చే ఇంజెక్షను నరం చిట్లిన మనిషికి ఇస్తే ప్రాణమే పోతుంది. చెప్పడం ఆలస్యమైతే చెయ్యి పోతుంది. ఫోన్లో ఫొటో తీసి పంపితే చాలదన్నారు ఆయన.

స్కాన్ కదలడం లేదు. కింద నుంచి మా డాక్టరు గారు ఫోన్ చేశారు.

"ఏంటమ్మా ఇది, పావు వంతు కూడా వెళ్ళలేదు. ఎంతసేపు?"

"చూస్తున్నానండి."

పై అంతస్తులో నా గది గుమ్మం దగ్గర ఆవిడ భర్త నిలబడి ఉన్నాడు. స్కాన్లు పంపేది పైన మేడం గారు అని ఎవరో చెప్పారట. వానకి తడిసిన తువ్వాలు భుజం మీద అలాగే ఉంది.

"వెళ్ళిందాండి అమ్మా, ఫొటో?"

"వెళ్తుందండి. కూర్చోండి."

ఆయన కూర్చోలేదు.

ఆ పొద్దున్నే మా ఎలక్ట్రీషియన్ వరండాలో కొత్త కెమెరా బిగిస్తూ కనిపించాడు. కెమెరాల కేబుళ్ళన్నీ కలిసే పెట్టెలో ఒకే కేబుల్ రెండు కొసలూ గుచ్చేసి ఉంటాడని నాకు తట్టింది. అలా చేస్తే ఆ లైన్లో పనికిరాని రద్దీ సుడి తిరిగి నెట్‌వర్కు మొత్తాన్ని ముంచేస్తుంది. నా ఊహ నిజమేనని తర్వాత తేలింది. కెమెరాల పోర్టు ఆపేస్తే చాలు. ఏ పోర్టు మీద ఎంత రద్దీ ఉందో తెరమీద చూడ్డానికి అరనిమిషం పడుతుంది. నేను చూడలేదు. నా రాతని నేను నమ్మాను. "పడమర - కెమెరాలు" అని ఉన్నదాన్ని నా గదిలోంచే ఆపేశాను.

స్కాన్ గది నుంచి టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "మేడం, పావు వంతు దాకా వెళ్ళిందండి. ఇప్పుడు మొత్తం ఆగిపోయింది."

"కేబుల్ ఊడగొట్టావా?"

"లేదండి, నేను అసలు ముట్టుకోలేదు."

అతన్ని కసిరాను. స్కాన్ కంప్యూటర్ని ఆపి మళ్ళీ పెట్టించాను. అది లేవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. లేచాక కూడా కదల్లేదు. మనిషిని అనుమానించాను, మిషన్ని అనుమానించాను, నేను పెట్టిన పేర్ల మీద మాత్రం అనుమానం రాలేదు. గుమ్మం దగ్గర ఆయన మళ్ళీ "వెళ్ళిందాండి?" అన్నాడు.   ఆయన్ని తోసుకుని మెట్లు దిగి పరిగెత్తాను.

మెట్ల కింద గది తలుపు తీస్తే ర్యాక్ నాకు వీపు చూపిస్తూ నిలబడి ఉంది.

నాకు సంగతి అర్థమైంది. మిగతాది తర్వాత తెలిసింది. మూడు వారాల కిందట మా చెల్లెలి సీమంతానికని సెలవు పెట్టాను. అప్పుడే ఎవరో వాస్తు సిద్ధాంతి వచ్చి, ఇనప బీరువా ముఖం దక్షిణం చూడకూడదు, కుబేరుడి వైపు తిప్పమన్నాడట. ఎలక్ట్రీషియన్ కేబుళ్ళన్నీ పీకి, ర్యాక్‌ని ఉత్తరానికి తిప్పి, తలుపు మీద నా కాగితం చదువుకుని, ఇప్పుడు తూర్పున ఉన్న పోర్టులో స్కాన్ కేబుల్ గుచ్చాడు. రాసింది రాసినట్టే చేశాడు. కానీ సర్వర్ లెక్కలో అది ఇంకా పడమటి పోర్టే, నేను ఆపేసింది దాన్నే. సర్వర్లో ఆ నాలుగు పోర్టుల్నీ కలిపేసి ఉంచాం కాబట్టి ఏ కేబుల్ ఎక్కడున్నా పని చేస్తుంది. అందుకే ఎవరికీ తెలియలేదు. సెలవు నుంచి వచ్చాక నేనైనా ఒక్కసారి ఆ గదిలోకి తొంగి చూడలేదు. పై అంతస్తులో కూర్చుని అన్నీ నడిపిస్తున్నానని నా గొప్ప. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

కెమెరాల కేబుల్ పీకేసి, దాని చోట స్కాన్ కేబుల్ గుచ్చాను. స్కాన్ మళ్ళీ మొదటి నుంచి బయలుదేరింది. పోర్టు ఆపినప్పటి నుంచి అప్పటికి పదకొండు నిమిషాలు. కాసేపటికి విశాఖ నుంచి గడ్డేనని చెప్పారు. ఇంజెక్షన్ ఇచ్చారు.

ఆ సాయంత్రమే పాత వివరాలు చెరిపేసి కొత్తవి రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఈసారి దిక్కులు రాయలేదు, ఏది ఆపితే ఏం ఆగుతుందో రాశాను. తర్వాత డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను.  ఆ పదకొండు నిమిషాల వల్ల ఏం పోయిందో చెప్పలేం, ఏమీ పోలేదనీ చెప్పలేం అన్నారాయన.

మూడు నెలల తర్వాత ఆ భార్యాభర్తలు చూపించుకోవడానికి వచ్చి, నా గదికి కూడా వచ్చారు. ఆయన సంచీడు జామకాయలు బల్ల మీద పెట్టాడు.

"ఆవేళ మీరు పరిగెత్తుకెళ్ళి పంపబట్టి మా ఆవిడ దక్కిందండి."

ఆవిడ మాట తేటగా ఉంది. కుడిచేతి వేళ్ళు మాత్రం ముడుచుకునే ఉన్నాయి. సూది నిలవడం లేదని ఆయనే చెప్పాడు. నేను నిజం చెప్పకుండా ఊరుకుంటే అక్కడితో పోయేది. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ జామకాయలు చూస్తూ ఊరుకోలేకపోయాను.

"పదకొండు నిమిషాలు ఆలస్యం చేసింది నేనేనండి," అని అంతా చెప్పాను. తూర్పూ పడమరా, నేను రాసుకున్న పేర్లూ, ఏదీ దాచలేదు. 

ఆవిడ అడిగింది. "ఇప్పుడేం రాశారండి?"

తెర ఆవిడ వైపు తిప్పి చదివాను. "స్కాన్ బయటికి వెళ్ళే లైను. స్కాన్ గదికి ఫోన్ చేయకుండా ఆపవద్దు."

"ఇంకోసారి చదవండి."

చదివాను. ఆవిడ ఎడమచేత్తో కుడిచెయ్యి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"ముందే ఇలా రాసుంటే సరిపోయేదండి," అంది. కోపంగా అనలేదు.

"అవునండి," అన్నాను.