మంచులో పలికిన స్టేషన్

దెయ్యాలంటే నాకు ఒళ్ళుమంట. పలాసలో ముప్పై ఏళ్ళుగా రేడియోలు బాగుచేస్తున్నాను. ఆపేసిన సెట్టు దానంతటదే మాట్లాడిందని ఎవరైనా వస్తే, స్విచ్చి పాడయిందిరా బాబూ అని కసిరి పంపేవాణ్ణి.

రేడియో పిచ్చి నాకు ఉగ్గుపాలతోనే అబ్బింది. అందులోనూ ఒక్క స్టేషనంటే ప్రాణం. పొద్దున్నే వాతావరణం చదివే ఆవిడ గొంతు వినకపోతే టీ కూడా సయించేది కాదు. కిందటేడు ఆ మీడియం వేవ్ ప్రసారం ఆపేశారు. ఆ రోజు కొట్టు మూసి ఇంటికెళ్ళిపోయాను. సిగ్గెందుకు, ఏడ్చాను.

మొన్న చలికాలం సరదాపడి భావనపాడులో మా మేనమావ పడవెక్కాను. మావ అదే స్టేషను పెట్టి, రేడియోతో దిక్కు పట్టే పాతకాలం మనిషి. సెట్టుని మెల్లగా తిప్పుతుంటే ఒకచోట శబ్దం సన్నబడుతుంది. అప్పుడు సెట్టు కొస చూసేవైపే స్టేషను. ముందా వెనకా అన్నది అలల్ని బట్టి మావకి తెలుస్తుంది. స్టేషనుకేసి తిరిగితే కుడిచేతివైపు ఒడ్డు.

తెల్లారాక తిరిగొస్తుంటే మంచు కమ్మేసింది. పడవ ముందుకొస కూడా కనబడలేదు. జీపీయస్ చచ్చింది, ఫోనుకి సిగ్నల్ లేదు, ఇంజన్లో నూనె అరగంటకి మించి రాదు. దిక్కు తప్పామా, నడిసంద్రమే గతి.

"రేడియో పెట్రా అల్లుడూ" అన్నాడు మావ.

జీపీయస్ కొన్నాక అతను రేడియో ముట్టలేదు, స్టేషన్ పోయిందని తెలీదు. ఏమీ పలకదని తెలిసీ సెట్టు తీశాను. పెట్టాను.

పలికింది. ఆవిడే! అదే గొంతు, నిదానంగా వాతావరణం చదువుతోంది. చుట్టూ తెల్లగా, కింద అలలు ఉయ్యాలూపుతున్నట్టు, నాకు భయమే పోయింది. ఒడ్డు సంగతి మరిచిపోయి కాసేపు అలా వింటూ ఉండిపోయాను. మావ గదమాయిస్తే అప్పుడు సెట్టు తిప్పాను. శబ్దం సన్నబడింది. మావ పడవని కుడికి మళ్ళించాడు. పావుగంటకి ఒడ్డున కుక్కల అరుపులు వినబడ్డాయి.

ఇసకలో దిగి మళ్ళీ పెట్టాను. ఒట్టి గరగర. కొట్లో సెట్టు మూడుసార్లు విప్పాను, ఏ తేడా లేదు. ఆ ఫ్రీక్వెన్సీలో ఇంకో స్టేషన్ పలుకుతోందేమోనని నెల్లాళ్ళు వెతికాను. శ్రోతల్లో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ఆ పొద్దున ఎవరికీ ఏదీ వినబడలేదు.

మావేమో సెట్టుండగా జీపీయస్ ఎందుకని, దాన్ని ఇంట్లో పడేసి వేటకి వెళుతున్నాడు. ఇక దాచితే మనిషి దక్కడని, గుండె రాయి చేసుకుని నిజం చెప్పేశాను.

మావ చేతిలో వల పక్కన పడేశాడు. "మరైతే ఆ పొద్దు మనం ఒడ్డుకి ఎలగొచ్చినాంరా?"

కొత్త జీపీయస్ కొనిచ్చాను. ఆపేసిన సెట్టు మాట్లాడిందని ఎవరైనా వస్తే ఇప్పుడు కసరడం లేదు. కూర్చోబెట్టి వింటున్నాను.