కిటికీ గట్టు మీది చెంబు

1934 చలికాలంలో, ఏలూరులో నేను ఆయాగా పనిచేసే మిషను ఆసుపత్రిలో, నన్ను పురుళ్ల వార్డు నుంచి కంటి వార్డుకు మార్చారు. శుక్లాలు తీసేది దొరసానమ్మ గారు, అంటే పెద్ద డాక్టరు. ఆవిడ కింద సిస్టరు గారు, అందరికన్నా కింద ఆయాలం. నా చదువు రెండో తరగతితో సరి. అయినా కోత అయ్యాక కన్ను దక్కడం మా చేతుల్లోనే ఉండేది. అప్పట్లో కోసిన చోట కుట్లు వేసేవారు కాదు. రెండు కళ్లకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టేవారు. లేవకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. చుట్టాలొస్తే ఏడుస్తారు, రోగి తల తిప్పుతుంది; అందుకని వాళ్లను వరండాలోనే ఆపేవాళ్లం. మంచినీళ్లయినా ఆయా చెంచాతో పోయాల్సిందే.

తాడేపల్లిగూడెం సుబ్బమ్మ గారి దగ్గర ఇది సాగలేదు. ఆవిడ మడి మనిషి, నేనేమో క్రైస్తవురాలిని. "దుఃఖం నుంచి బయటపడటానికేనమ్మా మనిషి పుట్టింది" అని కోతకు ముందు వార్డుకంతా పురాణం చెప్పిన మనిషి, నా చెంచా పెదవికి తగలగానే నోరు బిగించేశారు.

"నా తల పట్టుకుంటే పట్టుకో, తరవాత స్నానం చేస్తాను. మింగిందాన్ని ఎలా కడుక్కోనే?"

సాయంత్రానికి నాలుక పిడచగట్టింది. వరండాలో ఉన్న తన తమ్ముడి చేత్తో తాగుతానంటూ మోచేతుల మీద లేవబోయారు. లేస్తే కన్ను పోయినట్టే. భుజాలు అదిమిపట్టి సిస్టరు గారిని కేకేశాను.

పక్క మంచం మీద నాగమ్మ ఉంది. కొల్లేటి లంక మనిషి, ఆవిడ కళ్లకూ కట్టే. "అమ్మగారూ, మేం తామరకాడతో నీళ్లు పీలుస్తామండీ. లోపలంతా బొక్కలే. మా ఆయన తామరపువ్వులమ్మడానికొచ్చాడు, పడవ కాలవలోనే ఉందండీ," అంది.

"తామరకైతే దోషం లేదు," అన్నారు సుబ్బమ్మ గారు, అడగకుండానే.

గట్టిగా పీలిస్తే కంటికి చేటనీ, చెంబు ఎత్తున పెడితే నీళ్లు వాటంతటవే దిగుతాయనీ, సిస్టరు గారు పిలుచుకొచ్చిన దొరసానమ్మ గారు చెప్పారు. తమ్ముడు గారు వరండాలోంచి కిటికీ గట్టు మీద చెంబు పెట్టి, కింద మంచం మీదున్న ఆవిడ నోటిదాకా కాడ దించారు. మొదటిది వంపు దగ్గర విరిగి నీళ్లన్నీ ఆవిడ మెడ మీద పడ్డాయి. రెండోది నిలిచింది. ఆవిడ గొంతు కదులుతుంటే నా గుండె కుదుటపడింది.

"మోక్షం వచ్చేసిందాండీ?" అంది నాగమ్మ.

"నవ్వించకే, కన్ను పోతుంది!" అన్నారు సుబ్బమ్మ గారు.

సిస్టరు గారు నాగమ్మను కసిరారు, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

కట్టు విప్పిన రోజు సుబ్బమ్మ గారు ముందు నాగమ్మనే చూపించమన్నారు. "ఇంతేనా నువ్వు? గొంతు విని తాటిచెట్టంత ఉంటావనుకున్నానే!"

పెద్ద బాధ తీసే డాక్టరు ఎంత గొప్పవారైనా, అంతకన్నా ముందు తీరాల్సిన చిన్న బాధ ఒకటి రోగి దగ్గర ఉంటుందని ఆ వార్డులో తెలుసుకున్నాను. ఆ తరవాత ఏ కొత్త రోగి వచ్చినా, కదలకండి అని చెప్పేముందు, ఎవరి చేతి నీళ్లు తాగుతారండీ అని అడిగేదాన్ని.