రోడ్డు పడ్డంక

మంచాల నుంచి ఇబ్రహీంపట్నం పోయే బస్సులో, పక్కసీటు పెద్దాయన కాళ్ల మధ్య డాంబరు డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. ఇబ్రహీంపట్నంలో రోడ్డు పక్కన ఆయన కిరాయికిచ్చిన దుకాణం మడిగె కప్పు కురుస్తోందట, దానికి పూయడానికే ఆ డాంబరు. వానొస్తే అందులో టైలరమ్మ మిషను మీద కవరు కప్పి, పక్కన నిలబడుతుందట.

“రోడ్డు వెడల్పు చేస్తరంట కద బాపూ! మడిగె ముందలి భాగం కూలగొడితే పెట్టిందంత దండుగ. రోడ్డు పడ్డంక చూసుకుంటే అయిపాయె,” అన్నాను. కురుస్తున్న నా మడిగెలో కిరాయికుండి కిరాణా నడిపే అన్నకు నేను రోజూ చెప్పే మాటే అది.

ఆయన డబ్బా మూత మీద చెయ్యి వేశాడు. “రోడ్డు ఎప్పుడు పడుతదో నాకెర్క లేదు బిడ్డా. వాన మాత్రం గీ నెలనే పడుతది.”

దిగగానే నేనూ ఒక డబ్బా కొన్నాను.

రోడ్డు ఇంకా పడలేదు. వాన పడ్డా, మా కిరాణా అన్న బియ్యం బస్తాల మీద చుక్క పడటం లేదు.