రేడియేటర్‌లో గుప్పెడు పసుపు

పందొమ్మిది వందల అరవైల నాటి మాట. నాకు తొలి కాన్పు నొప్పులు మొదలయ్యాయి. ఆర్మూర్‌లో మా ఇంటి ముందు పసుపు బస్తాలు మోసే మా పాత లారీ ఉంది. అందులోనే నిజామాబాద్ దవాఖానకు పోవాలి. తీరా చూస్తే, రేడియేటర్‌కు పైపు కలిసేచోట నీళ్లు కారుతున్నాయి!

మా ఆయన సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించారు. కారడం తగ్గింది గానీ ఆగలేదు. కూర్చోలేక, నిలబడలేక, అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూ నేను ఆ చుక్కలనే చూస్తున్నాను.

ఇంతలో మా అత్తమ్మ వంటింట్లోంచి గుప్పెడు పసుపు తెచ్చి రేడియేటర్‌లో పోసేసింది.

"అమ్మా, గదేం పని? ఇంజన్ ఖరాబైతది!" అని ఆయన అరిచారు.

"కాలు తెగితే పసుపు పెడ్తలేమా? గిది గూడ గట్లనే ఆగుతది. కోడలిని ఎక్కియ్యి, జల్ది నడువు!"

మాక్లూర్ దగ్గర బానెట్ నుంచి ఆవిరి లేచింది. కంగారులో ఆయన రేడియేటర్ మూత తిప్పారు. మరిగిన నీళ్లు ఎగజిమ్మాయి. వెనక్కి దూకబట్టి ఒళ్లు కాలలేదు గానీ, తెల్లచొక్కా పచ్చగా మారింది. పైపు దగ్గర మాత్రం ఒక్క చుక్క లేదు! పక్క చేను బావి నీళ్లు పోసి ముగ్గురం మళ్లీ బయలుదేరాం.

దవాఖానలో నర్సు ఆయన్ను చూసి, "ఏందయ్యా, పెండ్లిపీటల మీదికెల్లి లేసొచ్చినవా?" అంది.

పాప పుట్టింది. ఎత్తుకోమని చేతికివ్వబోతే, "జర ఆగున్రి" అంటూ అత్తమ్మ బయటికి పోయి, లారీకి పసుపుబొట్టు పెట్టి వచ్చాకే మనవరాలిని అందుకుంది.

ఆనాడు అలిగాను. ఇప్పుడు ఆ దారి తలచుకుంటే, ముందు లారీ, తర్వాతే పాప అన్న ఆ వరుసే సరైందనిపిస్తుంది.