ఆఖరి పాఠం పక్కన ముప్పై టిక్కులు

మాకు కంప్యూటర్ నేర్పిన సార్ మొన్న మంగళవారం హుజూర్‌నగర్‌లో పోయారు. ఫోన్‌లో చెబితే నేను నమ్మలేదు. ఇలాంటి కబుర్లు పుట్టించి జనాన్ని ఉరికించేది నేనే మరి.

సార్ మనిషి సన్నం, గొంతు ఇంకా సన్నం. మేకపిల్ల అరిచినట్టుండేది. బ్యాచ్‌లో పదో తరగతి తప్పినవాణ్ని, నలభై దాటినవాణ్ని నేనొక్కణ్నే. ఆయన వెనక నిలబడి ఆ గొంతు తీస్తే అందరూ నవ్వేవారు. ఎందుకో తెలియక ఆయనా నవ్వేవారు. నా విత్తనాల దుకాణానికి ఇవాళ ఒక వెబ్ పేజీ ఉందంటే అది ఆయన పుణ్యమే.

పేజీలో వీడియో పెట్టడం నేర్పుతూ అనేవారు: "వీడియో మన పేజీల కిరాయికున్నోడు. వాని అర్రలకు మనం పోరాదు. బయటి నుంచి పిలవాలె, వాడు లోపలి నుంచి పలకాలె. పలికింది వాడేనా కాదా, జర చూసుకోవాలె."

లాక్‌డౌన్‌లో సార్ కంప్యూటర్ సెంటర్ మూతపడితే పాఠాలు వీడియోలు తీసి తన పేజీలో పెట్టారు. పాఠం చివరిదాకా ఆడితే వీడియో "అయిపోయింది" అని పేజీకి కబురు పంపుతుంది. సార్ దగ్గర మన పేరు పక్కన టిక్కు పడుతుంది. ఆ కబురు పంపింది ఎవరో చూసే నాలుగు లైన్ల కోడ్ మాత్రం ఆయన రాయలేదు. అడిగితే, "మనోళ్లే గద!" అన్నారు.

నాకది చాలు. వీడియోకు బదులు నేనే "అయిపోయింది" అని పలికే స్క్రిప్టు రాసి, బ్యాచ్‌లో ముప్పై మందికీ పంచాను. నా బతుకులో తప్పులేకుండా రాసింది అదొక్కటే. పాఠం ఒక్కరూ చూడలేదు, టిక్కులు మాత్రం అందరికీ పడ్డాయి.

"ఒక్కడు గూడ నడుమల ఇడిసిపెడ్తలేడు!" అని సార్ మురిసిపోయారు.

"మీ గొంతు మహిమ సార్."

లాక్‌డౌన్ ఎత్తేశాక ఆఖరి పాఠం పెట్టారు. వారానికి ఫోన్ చేశారు. "చివరిదాక చూసినవా?"

"రెండుసార్లు చూసిన సార్. మస్తుగుంది."

"సరే తియ్యి," అని పెట్టేశారు. సెంటర్ మళ్లీ తెరవలేదు.

అంత్యక్రియలకు పోతే సార్ భార్య నన్ను పట్టుకుంది. "గా ఆదివారం ఒక్కలన్న ఎందుకు రాలె తమ్మీ? ముప్పై మందికి వండిన. పొద్దుగూకేదాక గేటు కాడ కుర్సీ ఏసుకొని కూసున్నడు. 'అందరు ఇన్నరు, ఇని గూడ రాలె' అన్నడు. పానం పొయ్యేదాక గదే మాట."

ఏ ఆదివారమో నాకు తెలియదు.

ఇంటికొచ్చి ఆఖరి పాఠం మొదటిసారి చూశాను. పాఠం అయ్యాక సార్ అద్దాలు తీశారు. "ఒంట్ల బాగుంటలేదు. ఇగ నాతోని కాదు. సెంటర్ మీల ఎవరన్న నడుపుండ్రి, తాళం ఇస్త. ఆదివారం ఇంటికి రాండ్రి, కూసొని తిందాం." కెమెరా ఆపుదామని చెయ్యి చాచారు. మీట దొరకలేదు. కళ్లు చికిలించి ఎదురుగా చూస్తూ, అటూ ఇటూ తడుముతూ దగ్గరికొచ్చారు. అరచెయ్యి తెరంతా కప్పేసింది.