అయిదు మెట్లు దిగి కూర్చున్న మామ

మా మామ పోయాడు. మొన్న శుక్రవారం పొద్దున జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి ఫోన్ వచ్చేసరికి నేనిక్కడ సౌదీలో, నజ్రాన్‌లో టీ పెట్టుకుంటున్నాను. స్టవ్ ఆపేశాను. రియాద్‌లో, మలాజ్‌లోని మా పాత గదిలో ప్రతి శుక్రవారమూ మీటింగే. ఆ మీటింగు పెట్టించింది మామే.

అది చెప్పాలంటే సౌదీలోనే ఉన్న ధహ్రాన్ నుంచి మొదలుపెట్టాలి. మామ మా అమ్మకు సొంత తమ్ముడు. అక్కడ ఒక నార్వే ఇంజనీరు ఇంట్లో ఏళ్ల తరబడి తోటపని చేశాడు. ఆ ఇంజనీరు ఒకప్పుడు తన చిన్న ఊళ్లో మున్సిపల్ కౌన్సిలరు. గోడ మీద వాళ్ల కౌన్సిల్ ఫోటో ఉండేదట. అందులో చేపలమ్మే ఆయన, ఒక టీచరమ్మ, బస్సు డ్రైవరు. ఎవరి పని వాళ్లు చేసుకుంటూనే అప్పుడప్పుడూ కూర్చుని బడులు, నీళ్లు, ముసలివాళ్ల బాగోగులు, రోడ్ల మీద మంచు తీయించడం, అన్నీ తేల్చేవారట. మేయర్‌ను గెలిచిన సభ్యులే తమలోంచి ఎన్నుకుంటారు. ఏం మాట్లాడబోతున్నారో ముందే బయటపెడతారు, ఎవరైనా వచ్చి వినొచ్చు. ఓట్లు సమానమైతే మేయర్ ఎటంటే అటే. తన సంగతో తన ఇంటివాళ్ల సంగతో వస్తే మాత్రం ఎంతటివాడైనా లేచి బయటికి పోవాల్సిందే. తన ఇంటి పక్క రోడ్డు విషయం వచ్చినప్పుడు ఆ ఇంజనీరు వరండాలో కాఫీ తాగుతూ కూర్చున్నాడట. రోడ్డు ఆయనకు నచ్చని వైపే వేశారు.

"మన దిక్కయితే రోడ్డు సీదా మెంబరు గడప కాడికే వస్తుండె," అని మామ పడీ పడీ నవ్వేవాడు. నవ్వాడు గానీ మర్చిపోలేదు.

రియాద్ వచ్చాక పదకొండు మందిమి ఉండే మా గదిని మున్సిపాలిటీ చేసేశాడు. బాత్రూం వంతులు, వంట, ఏసీ ఎంతలో పెట్టాలి, ప్రతిదీ గురువారమే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించేవాడు. మేం ఆటపట్టిస్తే, "కాగితం మీదికి రాని ముచ్చట కడుపుల ఉంటది, ఆడ పాడైతది," అనేవాడు. ఆయన్నే చైర్మన్‌ను చేశాం.

తర్వాత నితాకత్ వచ్చింది, సౌదీవాళ్లకు ఇచ్చిన ఉద్యోగాల లెక్కన కంపెనీలకు రంగులు వేసే రూలు. సౌదీవాళ్లను తక్కువమందిని పెట్టుకుందని మా కంపెనీ ఎరుపులో పడి, నా ఇకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ ఆగిపోయింది. ఆకుపచ్చలో ఉన్న కంపెనీ ఏదైనా తీసుకునేదాకా నేను కాగితాల్లేని మనిషిని. తనిఖీ వస్తే నాతోపాటు గదిలో అందరికీ ముప్పే. ఆ వారం ఫ్రిజ్ మీద మామ చేతిరాతలో ఒకటే లైను: అల్లుడు గదిలో ఉండాలా, వద్దా.

నేను చెప్పుకోవాల్సింది చెప్పాక నన్ను బయటికి పొమ్మన్నారు. నా వెనకే మామా లేచాడు. గుమ్మం దగ్గర ఆగలేదు, లోపలి మాట చెవిన పడకుండా అయిదు మెట్లు దిగి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వు గూడ గిట్ల చేస్తవా మామా?"

"లోపలుంటే నీ దిక్కే చెయ్యి లేపుత. అందుకే బయటికొచ్చిన. కూసో."

అయిదుగురు వద్దన్నారు, నలుగురు ఉండనిమ్మన్నారు. మామ లోపలుంటే సమానమయ్యేది, చైర్మన్ మాటే చెల్లేది. నాకు అదొక్కటే కనబడింది. ఆయనేమో ఆ తీర్పును మీటింగుల నోటుబుక్కులో తన చేత్తోనే రాసి సంతకం పెట్టాడు.

తెల్లారి సంచి సర్దుకుంటుంటే, పక్కన మామ తన పరుపు చుట్టి తాడు కడుతున్నాడు.

"నువ్వెటు?" అన్నాను.

"ఓటు కాడ చైర్మన్‌ను. ఇప్పుడు నీ మామను. నడువు."

నాకు నజ్రాన్‌లో పని దొరికి కఫాలా కొత్త కంపెనీ పేరు మీదికి మారేదాకా, ఒక మలయాళీ గ్యారేజీ వెనక రేకుల గదిలో, ఏసీ కూడా లేకుండా నాతోనే ఉన్నాడు. నాతో పట్టుబడితే తననూ ఇంటికి పంపేస్తారని తెలిసే ఉన్నాడు. ఆ తర్వాత గదివాళ్లే వచ్చి ఆయన్ను తీసుకుపోయారు. బయటి దేశాలవాళ్ల మీద లెవీలు పెరిగి, కంపెనీ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేదాకా ఆయనే చైర్మన్. మెట్ల మీద ఆయన్ను తిట్టుకున్నందుకు నేనెప్పుడూ క్షమాపణ అడగలేదు. దానికి ఇప్పుడు ఏడుపొస్తోంది.

కబురు తెలిసిన సాయంత్రమే మలాజ్ నుంచి ఫోన్ వచ్చింది. ఆనాడు నన్ను వద్దని చెయ్యెత్తిన అయిదుగురిలో ఒకడు.

"ఇయ్యాల కాగితం మీద మీ మామ ముచ్చటొక్కటే రాసినం," అన్నాడు. "ఇంటోళ్ల ముచ్చటొస్తే లోపలుండొద్దు గద. తలుపు తెరిచే పెట్టి, అందరం అయిదు మెట్లు దిగి కూసున్నం."