టిష్యూ ప్యాకెట్లు కూర్చున్న మెట్లు

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, మే నెల రెండో సోమవారం నాడు నన్ను నీటి షో బాధ్యతకు మార్చారు. అప్పటికి నేను సింగపూర్‌లోని ఒక థీమ్ పార్కులో గెస్ట్ ఫ్లో విభాగానికి సీనియర్ మేనేజర్‌ని. గుంటూరులోని మా బంధువులు ఇప్పటికీ నేను అక్కడ జెయింట్ వీల్ తిప్పేవాణ్ణనే అనుకుంటారు. మొదట్లో సరిదిద్దేవాణ్ణి, తర్వాత మానేశాను. జనం ఎటు నడుస్తారు, ఎక్కడ ఆగుతారు, ఎక్కడ ఆగకూడదు అన్నది చూసుకోవడమే నా పని. ఆ పని సరిగ్గా జరిగిన రోజున మేము ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

షో రోజూ సాయంత్రం ఐదింటికి. పద్దెనిమిది నిమిషాలు. చిన్న కొలను, దాని చుట్టూ అర్ధచంద్రాకారంలో పన్నెండు రాతి మెట్లు. టికెట్ మీద సీటు నంబరు ఉండదు, ముందొచ్చినవాళ్ళు ముందు కూర్చోవచ్చు. పడవల విన్యాసాలయ్యాక, బంగారు రంగు దుస్తుల్లో ఒక కళాకారిణి నీటి ధారల మీద నిలబడి రెండంతస్తుల ఎత్తుకు లేస్తుంది. ఆ ఒక్క ఘట్టం కోసమే జనం వచ్చేవారు. మా భాషలో సైట్‌లైన్ అంటే కూర్చున్నవాడి కంటికీ చూడాల్సిన వస్తువుకీ మధ్య గీసిన గీత. కింది మూడు మెట్లలో ఆ గీతకు ఏదీ అడ్డం రాదు. నాలుగో మెట్టు నుంచి పిల్లలకు ముందువాళ్ళ తలలే కనిపిస్తాయి.

నాకు అప్పగించిన పని చిన్నది. ‘మంచి చోటు దొరకాలంటే ఎంత ముందు రావాలి?’ అని జనం రోజుకు వందసార్లు అడుగుతున్నారు, అషర్లు తలా ఒక జవాబు చెబుతున్నారు. ఒకే జవాబు కావాలి, అది బోర్డు మీద ఉండాలి. అషర్లంటే చోటు చూపించి కూర్చోబెట్టే ఉద్యోగులు. ఎక్కువమంది పార్ట్‌టైమ్ వాళ్ళు.

రెండు వారాల పాటు రెండు గేట్ల దగ్గరా క్లిక్కర్లు పెట్టించాను. గుప్పిట్లో పట్టే చిన్న లెక్కింపు యంత్రాలవి. మనిషి లోపలికొస్తే ఒక నొక్కు, బయటికి వెళ్తే ఇంకో నొక్కు. ప్రతి ఐదు నిమిషాలకూ లోపలున్నవాళ్ళ లెక్క పైనున్న కంట్రోల్ గదికి చేరుతుంది. గ్రాఫు గీసి చూస్తే ముందు మెట్లు నిండటానికి షోకి నలభై నిమిషాల ముందు దాకా సమయముందని తేలింది. ఐదు నిమిషాలు అదనంగా కలిపి, ‘నలభై ఐదు నిమిషాల ముందు రండి’ అని నాలుగు భాషల్లో బోర్డు పెట్టించాను. ఆ గ్రాఫుని చూసి నేను మురిసిపోయిన మాట దాచను. ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడకు కూడా చూపించాను.

అప్పుడే సునీత వచ్చింది. బుకిట్ బటోక్‌లో మా బ్లాకులోనే, మాకు రెండంతస్తుల కింద ఉండేవాళ్ళు. వాళ్ళది వరంగల్. ఆమె సైన్స్ పార్కులో ఒక ల్యాబులో పరిశోధన చేసేది, భర్త ఓడల మీద ఇంజనీరు. ఎనిమిదేళ్ళ కూతురు నైనిక. ఆ పాపకు పుట్టుకతోనే చూపు తక్కువ. దగ్గరి వస్తువులు అద్దాలతో కనిపిస్తాయి, దూరానివి ఉత్త రంగులే. మూడో మెట్టు దాటితే మా బంగారు కళాకారిణి ఆమెకు ఒక పసుపు మరక.

“అంకుల్, ఎన్నింటికి రావాలె? జర కరెక్టు టైం చెప్పుండ్రి. రెండు గంటల ముందు రమ్మంటే పాప ఎండల కూసోలేదు,” అంది సునీత.

ఎందుకంత పట్టుదల అని అడిగితే విషయం చెప్పింది. జూన్ సెలవులకు ముందు స్కూలువాళ్ళు పిల్లల్ని ఈ షోకే తీసుకొచ్చారు. స్కూలు బృందాలను పై మెట్ల మీద కూర్చోబెట్టాలన్నది మా నిబంధన. నైనికకు ఏమీ కనపడలేదు. మర్నాడు క్లాసులో తలా ఒకటి చెబుతుంటే, తను కూడా లేచి ‘గోల్డ్ లేడీ నాకు చెయ్యి ఊపింది’ అని చెప్పేసింది.

“చూడలే అంకుల్. చూసిన అని చెప్పింది. ఇప్పుడు అబద్ధమాడిన అని లోపల్లోపలే కుములుతున్నది. ఒక్కసారి నిజంగ చూడాలె.”

సెలవుల ఆఖరి ఆదివారంతో ఆ షో ఆగిపోతుంది. కొత్తది మొదలవుతుంది. ల్యాబులో ప్రయోగం నడుస్తుండటంతో సునీతకు ఈలోగా ఖాళీ ఉన్నవి రెండే రోజులు, సెలవుల మొదటి శనివారం, ఆ ఆఖరి ఆదివారం. చక్రాల కుర్చీల వాళ్ళ కోసం మాకొక ప్రత్యేక వేదిక ఉంది కానీ అది పన్నెండో మెట్టు వెనక ఉంది. ఇలాంటి చూపున్నవాళ్ళకు దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. ఉద్యోగులు తెలిసినవాళ్ళ కోసం చోటు పట్టి ఉంచకూడదన్న నిబంధన ఒకటుంది, అది రాసిందే నేను. అయినా నీళ్ళు నములుతూ, ఏదైనా ఏర్పాటు చూడనా అన్నాను. సునీత వద్దంది. పక్కకు తీసి కూర్చోబెడితే పాప ముడుచుకుపోతుందట. అందరితో పాటే వస్తాం, టైం చెప్పండి చాలు అంది. నలభై ఐదు నిమిషాలు అని చెప్పాను, గ్రాఫు మీదున్న నమ్మకంతో.

మొదటి శనివారం వాళ్ళు సరిగ్గా నాలుగుంపావుకు వచ్చారు. నేను పైన కంట్రోల్ గదిలో ఉన్నాను. లెక్క చూస్తే మెట్లలో నాలుగో వంతు కూడా నిండలేదు. నిశ్చింతగా టీ కలుపుకుంటుంటే రేడియోలో రోస్నా గొంతు వినిపించింది. రోస్నా మా అషర్లకు సూపర్‌వైజర్, యాభై దాటిన మలయ్ ఆవిడ, నాకంటే ముందు నుంచీ పార్కులో ఉంది. ముందు మెట్లు నిండిపోయాయి అంది. అలా ఎలా, లెక్క ప్రకారం ఖాళీగా ఉండాలి అన్నాను. “మీ లెక్క మనుషులది సార్. ఇక్కడ ఫుల్ అంటే ఫుల్,” అంది.

కిందికి దిగి చూశాను. కింది ఐదు మెట్ల మీద మనుషులు పట్టుమని పాతికమంది లేరు. మిగతా చోటంతా టిష్యూ ప్యాకెట్లు. అక్కడక్కడా గొడుగులు, నీళ్ళ సీసాలు, ఒకచోట ఎవరిదో ఆఫీసు ఐడీ కార్డు.

సింగపూర్‌లో ఉన్నవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. హాకర్ సెంటర్ అనే తిండి దుకాణాల సముదాయంలో భోజనానికి వెళ్ళినప్పుడు ముందు బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి, అప్పుడు కొనుక్కోవడానికి వెళ్తారు. దీన్ని చోప్ చెయ్యడం అంటారు. తిరిగొచ్చేదాకా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు, ప్యాకెట్‌ను ఎవరూ ముట్టుకోరు. పంతొమ్మిదేళ్ళుగా నేనూ నా మధ్యాహ్న భోజనం అలాగే తింటున్నాను. అయినా ఆ రెండు వారాల లెక్కలో టిష్యూ ప్యాకెట్ అనేదొకటి ఉంటుందని నాకు తట్టలేదు. నా బోర్డు చదివిన జనం దానికంటే ఇంకాస్త ముందే వచ్చి, చోటు చోప్ చేసి, గేటు దాటి తిండికి వెళ్ళిపోతున్నారు. బయటికి వెళ్ళిన ప్రతి మనిషినీ నా క్లిక్కర్ నిజాయితీగా తీసేస్తోంది.

నైనిక తల్లి చెయ్యి పట్టుకుని మెట్ల పక్కన నిలబడి ఉంది. నేను పలకరించగానే నా గొంతు గుర్తుపట్టింది. “అంకుల్, ముందు నోబడీ కదా. ఓన్లీ వైట్ వైట్ థింగ్స్. వై కాంట్ వి సిట్?” అంది. చోప్ చేశారమ్మా అని తల్లి చెప్పింది.

తొమ్మిదో మెట్టు మీద కూర్చున్నారు. షో అయ్యాక పాప, గోల్డ్ లేడీ చెయ్యి ఊపిందా అని అడిగింది. ఊపింది అన్నాను. పైనుంచి చూసినప్పుడల్లా నాకు అలాగే కనిపించేది. తల్లి కూడా ఊపిందమ్మా అంది. పాప ఓకే అంది. నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్ళ అనుభవం పెట్టుకుని, ఒక చిన్నపిల్లను గడియారం చూపించి మోసం చేసినట్టయింది.

సోమవారం పొద్దున్నే కోపంగా ఒక ఉత్తర్వు రాశాను. మనిషి లేని చోట ఏ వస్తువున్నా అషర్లు తీసెయ్యాలి. అషర్లు తలూపారు. సాయంత్రం చూస్తే ఒక్క ప్యాకెట్టూ కదల్లేదు. చేతకాకనో బద్ధకంతోనో కాదు, వాళ్ళకు చెయ్యి రాలేదు. నేనే చూపిస్తానని వెళ్ళి రెండో మెట్టు మీది ప్యాకెట్ తీశాను. అప్పుడే ఒక పెద్దాయన చేతిలో రెండు ఐస్‌క్రీములతో వస్తూ నన్ను చూశాడు. ప్యాకెట్ తీసినచోటే పెట్టేసి, పైగా కాస్త సర్ది మరీ వచ్చాను.

వెనక నుంచి రోస్నా అంతా చూస్తూనే ఉంది. నవ్వాపుకుంటూ, మాట చివర సింగపూర్‌వాళ్ళ ఊతపదం ‘లా’ తగిలిస్తూ, ఆమె ఇంగ్లీషులో చెప్పింది తెలుగులో ఇలా ఉంటుంది. “హాకర్ సెంటర్‌లో చోప్ చేస్తే ఏం చేస్తారు సార్? ఫుడ్ కొంటారు, వెనక్కొస్తారు లా. పది నిమిషాలు. చోప్ పెట్టి షాపింగ్ చేసొస్తే అక్కడ మాత్రం ఊరుకుంటారా? వీళ్ళకు చోప్ తప్పని చెప్పకండి. టైం అయిపోయిందని చెప్పండి.”

ఆ పద్ధతి ఆమెదే, నేను కాగితం మీద పెట్టానంతే. మనిషి లేని ప్యాకెట్ కనిపిస్తే అషర్ దాని పక్కన ఒక చిన్న కార్డు పెడుతుంది. దాని మీద పెన్సిల్‌తో, అప్పటికి పది నిమిషాల తర్వాతి సమయం రాస్తుంది. అప్పటిదాకా ఆ చోటు ప్యాకెట్‌దే. తర్వాత ప్యాకెట్ బుట్టలోకి వెళ్తుంది, చోటు గేటు దగ్గర వరసలో మొదట నిలబడ్డవాళ్ళకు వెళ్తుంది. ఎవరో ఒకరు కూర్చుని మిగతావాళ్ళు తినడానికి వెళ్తే, కూర్చున్న మనిషి పక్కన ఇంకో చోటు ఉంచుకోవచ్చు. మా ఆపరేషన్స్ డైరెక్టర్ ఫిర్యాదులొస్తాయని గునిశారు. షో ఎలాగూ ఆగిపోతోంది కాబట్టి అప్పటిదాకా ప్రయత్నించమన్నారు. ఫిర్యాదులు వచ్చాయి కూడా. అయితే మా అషర్లు ఆ కార్డును ఏ సంకోచమూ లేకుండా పెట్టారు. తమకు తెలిసిన మర్యాదే కదా అది, కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

ఈసారి నేను కంట్రోల్ గదిలో గ్రాఫు గీయలేదు. వారం పాటు రోజూ షో మొదలయ్యేదాకా మెట్ల దగ్గరే నిలబడి చూశాను. బోర్డు మార్చాం: ‘మీతో వచ్చినవాళ్ళంతా కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నప్పుడు రండి. అరగంట ముందు చాలు.’

సునీతకు ఆ మాట చెబితే నా వైపు అనుమానంగా చూసింది. “పోయినసారి ముప్పావుగంట అన్నరు, దొరకలే. ఇప్పుడు ఇంక తక్కువ చెప్తున్నరు! మీ లెక్కలు మంచిగనే ఉంటయి అంకుల్, మందే మీ లెక్క వినరు,” అంది. ఆ మాట పడాల్సిందే. అయినా అరగంటే అన్నాను.

ఆఖరి ఆదివారం విపరీతమైన జనం. నాలుగున్నరకు తల్లీకూతుళ్ళు గేటు దగ్గర వరసలో చేరడం పైనుంచి చూశాను. డ్యూటీ నియమం ప్రకారం షో వేళకు నేను కంట్రోల్ గదిలోనే ఉండాలి. వాళ్ళ ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. పాప ఎవరో, ఎందుకొచ్చిందో రోస్నాకు నేను చెప్పలేదు. చెబితే నా నిబంధనకు అర్థం లేదు. కానీ చెయ్యి రేడియో మీదికి రెండుసార్లు వెళ్ళింది. మొదటి మెట్టు నిండింది, రెండోది నిండింది. మూడో మెట్టు ఎడమ పక్కన రెండు ప్యాకెట్లు, వాటి దగ్గరొక కార్డు ఉన్నాయి. రోస్నా గడియారం చూసుకుంది. కార్డు చూసింది. ఇంకో నిమిషం అలాగే నిలబడింది. ఆ నిమిషం నాకు ఎంత పొడుగ్గా గడిచిందో చెప్పలేను. తర్వాత వంగి ప్యాకెట్లు బుట్టలో వేసి, వరసలో తర్వాతివాళ్ళకు చెయ్యి చూపించింది. తర్వాతివాళ్ళు సునీతా నైనికా.

కాసేపటికి ప్యాకెట్ల తాలూకు దంపతులు వచ్చారు. రోస్నా రెండు చేతులతో ప్యాకెట్లు అందించింది. వాళ్ళు కాస్త గొణిగి, కార్డు మీది సమయం చూసి, ఆరో మెట్టుకు వెళ్ళారు.

బంగారు కళాకారిణి నీటి మీద లేచినప్పుడు నాకు కనిపించింది ఒక చిన్న వీపు మాత్రమే. పాప లేచి నిలబడింది. చెయ్యి పైకెత్తి, షో అయ్యేదాకా దించలేదు.

మర్నాడు పొద్దున లిఫ్టులో కనిపించింది, యూనిఫాంలో, స్కూలు బ్యాగుతో. చూశావా అని అడిగాను.

“చూశాను అంకుల్. బట్ షీ నెవర్ వేవ్ లా! రెండు చేతుల్తో ఫ్లయింగ్ కిస్ ఇచ్చింది. నేను క్లాస్‌కి రాంగ్ చెప్పాను. మీరు, అమ్మ కూడా రాంగ్. ఈరోజు కరెక్ట్ చెయ్యాలి.”

అబద్ధం బయటపడుతుందన్న దిగులేమీ ఆ మొహంలో లేదు. తనకొక్కదానికే తెలిసిన సంగతి చెప్పబోతున్న తొందర ఉంది. తలుపులు తెరుచుకోగానే నాకంటే ముందు దిగి వెళ్ళిపోయింది.

ఆఫీసుకు వెళ్ళాక షో రికార్డింగ్ తెప్పించుకుని చూశాను. పాప చెప్పిందే నిజం. ఆ షోను నేను నలభైసార్లకు పైగా చూశాను, అన్నిసార్లూ పైనుంచే. కార్డుల పద్ధతి కొత్త షోకూ కొనసాగింది. చూపు తక్కువైన వాళ్ళ కోసం రెండో మెట్టులో కొంత చోటు కేటాయించాలని నేను రాసిన ప్రతిపాదన ఆ ఏడాది చివర్లో ఆమోదం పొందింది. నా తర్వాత ఆ ఉద్యోగంలోకి వచ్చినతను, చోటు కోసం ఎంత ముందు రమ్మని చెప్పాలి సార్ అని అడిగాడు. అరగంట అని చెప్పలేదు. వారం రోజులు మూడో మెట్టు మీద కూర్చుని, అప్పుడు నువ్వే నాకు చెప్పు అన్నాను.